గేటుకు తాళం, మస్టర్‌లో పేరు

మొన్న హైదరాబాద్ నుంచి మా అన్న కొడుకు ఫోన్ చేశాడు. "కాకా, నన్ను లేఆఫ్ చేసిన్రు." ఐడీ కార్డు తీసుకుని, లెక్క చూసి పంపేశారట. ధైర్యం చెప్పాను. ఫోన్ పెట్టేశాక లేఆఫ్ అన్న ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంగ్లీషు మాటలు వాడుకుందాం, దేని అర్థం దానికి ఉంచుదాం అని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు.

2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేఆఫ్ అంటే బొగ్గో కరెంటో ముడిసరుకో అందకో, యంత్రం చెడిపోయో, ఇలాంటి కారణాలతో యజమాని పని ఇవ్వలేకపోవడం. మస్టర్‌లో పేరు ఉంటుంది. మూలవేతనం, డీఏ కలిపిన మొత్తంలో సగం పరిహారంగా రావాలి. రిట్రెంచ్‌మెంట్ అయితే పేరే కొట్టేస్తారు. మావాడికి జరిగింది అదే. అమెరికా కంపెనీలు రెంటినీ లేఆఫ్ అంటాయి, మన పిల్లలకూ అదే అలవాటైంది.

లేఆఫ్ అనగానే మల్లాపూర్ మండలం ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గుర్తొచ్చింది. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్‌దే అదీ. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, మంబోజిపల్లి ఫ్యాక్టరీలతో పాటు ఇక్కడా లేఆఫ్ ప్రకటించారు. ఆ తర్వాత మెట్‌పల్లిలో ఒక చాయ్ హోటల్ దగ్గర అక్కడి కార్మికుడు కలిశాడు. "లాకౌట్ అయింది సార్" అన్నాడు. లాకౌట్ అంటే యజమానే గేటు మూసి పని ఆపేయడం, అది వేరు, మీది లేఆఫ్ అని దిద్దాను. చాయ్ గ్లాసు కింద పెట్టి నా మొహం చూశాడు.

"బొగ్గు లేకనా సార్? చెరుకు లేకనా? మా చెరుకు లారీలల్ల కామారెడ్డికి పోతున్నది. గేటుకు తాళమేసిన్రు. తాళమేస్తే లాకౌట్ గాదా?"

అప్పుడు నేనే ఒప్పు అనుకున్నాను. ఈ వారం చట్టంలో ఆ నిర్వచనం మళ్లీ చదివాను. అది అడిగే కారణాలనే ఆయన ఒక్కొక్కటిగా నన్ను అడిగాడు. నోటీసులో ఉన్న పేరును నేను నమ్మాను, ఆయన గేటును చూసి మాట్లాడాడు. ఆ లేఆఫ్ ఎత్తేయకుండానే 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది.

ఇకమీదట పని పోయినవాళ్ల నోటిమాటను నేను దిద్దను. మావాడికి మాత్రం మళ్లీ ఫోన్ చేసి, కాగితం మీద ఏ మాట రాశారో చదివించుకున్నాను. మీ పిల్లలకు అలాంటి కాగితం వస్తే, అది చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.