కుండపెంకుకూ ఓ చిరునామా

తవ్వకాల్లో పనిచేస్తానని తెలిస్తే ఎవరైనా ముందు అడిగేది ఒకటే: ‘బంగారం ఏమైనా దొరికిందా?’ లేదంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. మాకు రోజూ దొరికేవి కుండపెంకులు. తట్టలకొద్దీ దొరుకుతాయి.

ఎండ ముదరకముందే పనిలోకి దిగుతాం. గడ్డపారతో పని పైపొర వరకే. ఆ కింద తాపీతో పలచగా గీకుతూ పోవడమే. మట్టి తేడా మాకన్నా ముందు కూలీల చేతులకు తెలుస్తుంది. ‘సార్, ఇక్కడ గుల్లగా ఉంది’ అని తాపీ ఆపేస్తారు. చుట్టూ ఎర్రమట్టి ఉంటే అక్కడ మాత్రం గుండ్రంగా, నల్లగా ఓ మచ్చ. పాతిన గుంజ ఎప్పుడో చీకిపోయి, ఆ గుంటలో వేరే మట్టి చేరిందన్నమాట. అలాంటి మచ్చలు వరసగా కనిపిస్తే ఇంటి ఆనవాలు దొరికినట్టే.

మధ్యాహ్నం నుంచి పెంకుల పని. మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడన ఆరబెట్టి, లోపలివైపు సన్నగా రాస్తాం: ఊరు, గుంత, పొర, ఏడాది. బృహత్‌శిలా సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండలకు లోపలంతా నలుపే కాబట్టి వాటికి తెల్ల సిరా వాడాలి. కార్బన్ పరీక్షకు పంపే బొగ్గునైతే చేత్తో ముట్టుకోకుండా అల్యూమినియం రేకులో చుడతాం.

ఇంత చాదస్తం ఎందుకంటే, తవ్విన పొరను మళ్లీ తవ్వలేం. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం తవ్వకాలు జరిపింది. తర్వాత లోయ నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు. అక్కడి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి ఇంకేం తెలుసుకోవాలన్నా నాటి ఫొటోలు, కొలతలు, నివేదికలే దిక్కు. నీళ్లు రాకపోయినా ప్రతి తవ్వకం సంగతీ ఇంతే. ఏ పొరలో దొరికిందో రాసుకోని పెంకు ఎంత అందంగా ఉన్నా ఉత్త పెంకే.

ఈ జాగ్రత్త మా ఒక్కరికే కాదు. పది రూపాయలకు మించిన విలువున్న పాత నిక్షేపం భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. అది నేటికీ అమల్లో ఉంది. దుక్కిలోనో పునాదిలోనో పాత కుండ, నాణెం బయటపడితే కడగకండి, కదపకండి. ఉన్నచోటే ఫొటో తీసి, తహసీల్దారు కార్యాలయానికి కబురు పెట్టండి.