వాషింగ్టన్, సర్వేపల్లి: రెండు ఇంటిపేర్ల ప్రయాణం

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్, మన రెండో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇద్దరి ఇంటిపేర్లూ ఊరిపేర్లే. అయితే ఆ ఊళ్లు వాళ్ల ఇంటిపేర్లలోకి వచ్చిన తీరు వేరు.

12వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఈశాన్యాన డర్హం ప్రాంతంలో జార్జ్ పూర్వీకుడు విలియం అనే భూస్వామి ఉండేవాడు. హార్ట్‌బర్న్ ఎస్టేటు చేతిలో ఉన్నన్నాళ్లూ ఆయన విలియం డి హార్ట్‌బర్న్. దాన్నిచ్చి మారుగా వాషింగ్టన్ ఊరిని పుచ్చుకున్నాక ఇంటిపేరూ మార్చుకున్నాడు. అంటే అప్పటికి ఆ పేరు భూమి మీది హక్కును చెప్పేది.

సర్వేపల్లి నెల్లూరు జిల్లా వెంకటాచలం మండలంలో ఉంది. రాధాకృష్ణన్ పూర్వీకులు అక్కణ్నుంచి దక్షిణానికి వచ్చారు. ఆయన 1888లో తిరుత్తణిలో పుట్టి, తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. సర్వేపల్లిలోనే ఉన్నవాణ్ని సర్వేపల్లివాడని పిలిచేదెవరు? ఊరు దాటాకే ఆ పేరుతో పని. తాళ్లపాక నుంచి కొండకు చేరిన అన్నమయ్య వంశాన్ని తాళ్లపాకవారు అనడమూ ఇలాంటిదే. భూమి లేకున్నా నిలిచే పేరు కాబట్టి, మన పద్ధతే నాకు గొప్పగా తోస్తుంది.

తర్వాతి వాషింగ్టన్‌లూ ఈ దారికే వచ్చారన్నది ఒప్పుకోవాలి. 16వ శతాబ్దంలో వాళ్లలో లారెన్స్ అనే ఆయన ఇంగ్లండ్‌లోనే సల్‌గ్రేవ్‌లో భూములు కొన్నాడు. 17వ శతాబ్దం మధ్యలో జార్జ్ ముత్తాత జాన్ వర్జీనియా చేరాడు. విలియంలా కొత్త చోటు పేరు పెట్టుకోలేదు, పాతదాన్నే మోసుకెళ్లారు. జార్జ్‌కు సొంత పిల్లలు లేరు. అయినా 1791లో కొత్త రాజధానికి, 1853లో ఒక ప్రాంతానికి ఆ పేరే పెట్టారు; ఆ ప్రాంతం 1889లో రాష్ట్రమైంది. ఊరి నుంచి మనిషికి వచ్చిన పేరు మళ్లీ నేలకెక్కింది. (ఈ రెండు పేర్లూ తండ్రుల దారినే చెబుతాయి. తల్లుల పుట్టిళ్ల ఊళ్లు వీటిలో కనిపించవు. ఆ లోటు రెండు చోట్లా సమానమే.)

లోకం జార్జ్‌ను ఇంటిపేరుతో పిలిస్తే, మనవాణ్ని సొంత పేరుతో పిలిచింది. పుస్తకాల అట్టల మీద సర్వేపల్లి 'ఎస్.' అనే ఒక్క అక్షరమైంది. కొడుకు, చరిత్రకారుడు గోపాల్ 1989లో వెలువరించిన జీవితచరిత్ర పేరులో ఆ అక్షరమూ లేదు, రాధాకృష్ణన్ అని మాత్రమే ఉంది. ఇది నిజమైన నష్టం. దరఖాస్తుల్లో మన పిల్లల ఇంటిపేర్లూ ఇలాగే పొడి అక్షరాలవుతున్నాయి.

ఎందుకు నష్టమంటే, ఊళ్ల ఎల్లలు మారిపోతాయి. రాధాకృష్ణన్ పుట్టినప్పుడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలోది. తర్వాత మన చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 1960లో, ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే, మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయింది. పుట్టిన ఊరు పట్టుకుని చూస్తే ఆయన తమిళనాడు మనిషి. ఆ కుటుంబం నెల్లూరు సీమ నుంచి నడిచొచ్చిందని చెప్పేది ఆ 'ఎస్.' ఒక్కటే.