యాప్ వేసుకోవడం: ఒక క్రియ, ఒక సమ్మతి

సింగపూర్ అధికార భాషలు నాలుగు: మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు. ప్రభుత్వ సేవలు ఫోన్లలోకి చేరిన కొద్దీ యాప్‌ల పదజాలం ఈ భాషల్లో నిత్యవ్యవహారమైంది. తమిళంలో యాప్ 'సెయలి'. 'సెయల్' అంటే పని కాబట్టి, పనిచేసేదని అర్థం. మలయ్‌లో ఇన్‌స్టాల్ చేయడానికి వాడే 'పసాంగ్', బిగించడం, అమర్చడం అనే అర్థాల్లో ఇళ్ళలో వాడే పాత మాట. అక్కడి తెలుగువారికి ప్రభుత్వం కూర్చిన ఇటువంటి పదజాలం లేదు. ఇంగ్లీషు తెర, లేదా ఫోన్ తయారీదార్ల తెలుగు అనువాదం, ఈ రెండే వారికి ఆధారం.

తెలుగులో ఈ చర్చ చాలావరకు నామవాచకం దగ్గరే ఆగిపోయింది. 'యాప్' అనాలా, 'అనువర్తనం' అనాలా అన్నదే వివాదం. అనువర్తనమంటే అనుసరించి నడవడం. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో ఆ పదం చెప్పదు. రైలును, బస్సును కలుపుకున్న భాషకు 'యాప్' బరువేమీ కాదు. తేల్చుకోవలసినవి క్రియలు.

వాడుకలో జనం ఈ పని ఎప్పుడో చేసుకున్నారు. 'యాప్ వేసుకో', 'ఎక్కించుకో', 'తీసెయ్' అంటారు. 'కొను' అనే సహాయక్రియ, పని ఫలం చేసినవారికే చెందుతుందని సూచిస్తుంది. చొక్కా వేసుకుంటాం, మాత్ర వేసుకుంటాం, యాప్ వేసుకుంటాం. వీటిలో మాత్ర పోలికే సార్థకం: లోపలికి వెళ్ళాక అది తన పని తాను చేస్తుంది. తెర మీది 'ఇన్‌స్టాల్ చేయండి'లో ఈ ఎరుక లేదు.

ఈ లోపం ఖరీదు సింగపూర్‌లో తెలిసివచ్చింది. 2023లో హానికర యాప్‌ల ద్వారా జరిగిన మోసాలు దాదాపు 1,900 నమోదయ్యాయి, నష్టం 3.4 కోట్ల సింగపూర్ డాలర్లకు పైనే. ఇల్లు శుభ్రం చేస్తామనీ మిఠాయిలు అమ్ముతామనీ ప్రకటనలిచ్చి, స్పందించినవారికి వాట్సాప్‌లో యాప్ ఫైలు పంపడం మోసగాళ్ళ పద్ధతి. 2024 ఫిబ్రవరిలో ఆ దేశపు సైబర్ భద్రతా సంస్థతో కలిసి గూగుల్ ఒక ప్రయోగం ప్రారంభించింది. బ్రౌజర్ నుంచో, సందేశం నుంచో వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్‌లను అందుకోవడం, చదవడం, నోటిఫికేషన్లను చూడడం, యాక్సెసిబిలిటీ అనే నాలుగింటిలో దేన్ని కోరినా, ఇన్‌స్టాల్ కాకుండా ఫోనే అడ్డుకుంటుంది.

ఈ నాలుగో మాటను పరిశీలించాలి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించడానికి, వారి తరఫున మీటలు నొక్కడానికి ఏర్పడిన సౌకర్యమది. మోసపు యాప్ చేతికి చిక్కితే తెర మీదున్నదంతా చూస్తుంది, యజమాని బదులు తానే నొక్కుతుంది. 'యాక్సెసిబిలిటీ' అని తెలుగు లిపిలో రాసినంతమాత్రాన ఈ సంగతి ఎవరికీ తెలియదు. 'తెర చూసి మీ బదులు నొక్కే అధికారం' అంటే తెలుస్తుంది.

'అనుమతి' అన్న మాటా ఆలోచించదగినదే. తెలుగింట అనుమతి సాధారణంగా ఒక సందర్భానికి పెద్దలిచ్చేది. ఊరెళ్ళి వస్తే అది తీరిపోతుంది. ఫోన్‌లో ఇచ్చినది చాలాసార్లు వెనక్కి తీసుకునేదాకా కొనసాగుతుంది. దాన్ని అధికారం అనడమే న్యాయం. వైద్యంలో ఈ తేడాకు చట్టబలం ఉంది. రోగనిర్ధారణ పరీక్షకిచ్చిన సమ్మతి అవయవాల తొలగింపుకు చెల్లదని భారత సుప్రీంకోర్టు 2008లో ఒక కేసులో తీర్పు చెప్పింది. ఏం చేస్తారో రోగికి అర్థం కాకుండా పెట్టించుకున్న సంతకం సమ్మతి అనిపించుకోదు.

బయటి యాప్‌లను 'తెలియని యాప్‌లు' అనడంలోనూ ఇదే చిక్కుంది. ఎవరికి తెలియనివి? పంపినవాడితో అప్పుడే మాట్లాడిన మనిషికి అది తెలిసిన యాపే. 'పక్కదారిన వచ్చిన యాప్' అంటే అది వచ్చిన తోవ తెలుస్తుంది. పక్కదారిన మంచివీ రావచ్చు కనుక 'దొడ్డిదారి' అని ముందే నిందించనక్కరలేదు.

అంటే పేర్లు ఎక్కడివైనా కావచ్చు. ఒప్పుకోలు అడిగే వాక్యం మాత్రం సొంతభాషలో పూర్తి వాక్యమై ఉండాలి. ఎవరు, దేన్ని, ఎప్పటిదాకా అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబుండాలి. హైదరాబాదులో కూర్చుని సింగపూర్‌లోని కొడుకు పంపిన యాప్ వేసుకునే తల్లికి, తాను దేనికి 'సరే' అంటున్నదో ఆ వాక్యమే చెప్పగలగాలి.