ఎనిమిది రోజుల తేడా

పశ్చిమ గోదావరి జిల్లాలోని మా ఉండి వైపు బాస్కెట్‌బాల్ ఎందుకు పట్టలేదో తెలియాలంటే బంతి పట్టుకెళ్ళి ఓసారి చేలగట్టు మీద కొట్టి చూడండి. నల్లరేగడిలో అది లేవదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య వల కడితే వాలీబాల్ అయిపోతుంది, గీత గీస్తే కబడ్డీ అయిపోతుంది. బాస్కెట్‌బాల్‌కు మాత్రం గట్టి నేల ఉండాలి. మా ఊళ్ళలో సిమెంటు నేల ఖాళీగా కనబడితే ధాన్యం ఆరబోస్తాం. అందుకే ఇద్దరు బాస్కెట్‌బాల్ క్రీడాకారిణులను పోల్చి చూడటానికి వేరే రాష్ట్రాల గడప తొక్కాల్సి వచ్చింది.

చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై 1985 జూన్ 22న పుట్టింది. కేరళలోని కొట్టాయం వైపు నుంచి వచ్చిన గీతు అన్నా జోస్ అదే నెల 30న. ఇద్దరూ దక్షిణ రైల్వేకి ఆడారు, భారత జట్టుకీ ఆడారు. అయినా ఇద్దరి కథలూ ఒక దారిన నడవలేదు.

గీతు ఆరడుగుల రెండంగుళాల మనిషి, ఆడేది సెంటర్. పదడుగుల ఎత్తున ఉండే బుట్ట కింద, ఇద్దరు ముగ్గురు మీద పడుతున్నా కాలు కదపకుండా చోటు నిలబెట్టుకోవడం సెంటర్ పని. అనిత గార్డు. బుట్టకు దూరంగా ఉండి, ఎవరు ఎటు కదులుతున్నారో కనిపెట్టి బంతి వదలాలి, సందు దొరికితే అక్కడి నుంచే వేయాలి. మొదటిదానికి ఒళ్ళు సాయపడుతుంది. రెండోది ఏళ్ళ తరబడి చేసిన అలవాటుతో తప్ప రాదు.

గీతు పేరు దూరం వెళ్ళింది. 2006లో ఆస్ట్రేలియాలోని రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్బులో చేరింది. 2011లో షికాగో స్కై, లాస్ ఏంజెలెస్ స్పార్క్స్, శాన్ ఆంటోనియో సిల్వర్ స్టార్స్ జట్లు ఆమెను ఎంపిక పరీక్షకు పిలిచాయి. అమెరికా మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ నుంచి అలాంటి పిలుపు అందుకున్న తొలి భారతీయురాలు ఆమే. అప్పటికి ఆ లీగ్‌లో ఉన్నవి పన్నెండే జట్లు. చోటు దొరకలేదు. 2014లో అర్జున అవార్డు వచ్చింది.

అనిత పేరు అలా పతాక శీర్షికలకు ఎక్కలేదు. పంతొమ్మిదేళ్ళకే భారత జట్టు కెప్టెన్ అయింది. తొమ్మిది ఆసియా చాంపియన్‌షిప్‌లు ఆడింది. తల్లి అయ్యాక మళ్ళీ బూట్లు కట్టింది. 2017లో బెంగళూరులో ఆసియా కప్ బి డివిజన్ ఫైనల్లో మన జట్టు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించినప్పుడు ఆ జట్టులో ఉంది. రెండు పాయింట్లంటే ఒక్క బుట్ట తేడా. 2021లో పద్మశ్రీ అందుకుంది.

ఎవరు మిన్న అంటే నా ఓటు అనితకే. గీతు ఆటను తక్కువ చేసి కాదు. ప్రపంచ స్థాయికీ మనకూ మధ్య ఎంత ఎడం ఉందో స్వయంగా వెళ్ళి కొలిచి వచ్చింది ఆమే. కానీ ఆరడుగుల రెండంగుళాలు ఏ కోచ్ నేర్పితే వస్తాయి? అనిత చేసింది మాత్రం మామూలు ఎత్తున్న పిల్ల కూడా చూసి నేర్చుకోగలిగింది.

ఈ ఇద్దరినీ కలిపే సంగతి ఇంకొకటి ఉంది. వీళ్ళు ఆడిన రోజుల్లో మన దేశంలో ఆడపిల్లలు ఆటనే నమ్ముకుని బతకగల లీగ్ లేదు. అమెరికా గుమ్మం దాకా వెళ్ళొచ్చిన అమ్మాయికైనా, పద్మశ్రీ దాకా వెళ్ళిన అమ్మాయికైనా ఆసరా రైల్వే ఉద్యోగమే. రైల్వే ఉద్యోగమంటే మా వైపు పెళ్ళిచూపుల్లో ముందు చెప్పుకునే మాట. ఆటకు ఆ మర్యాద ఇంకా రాలేదు.

మాసూళ్ళు అయ్యాక ధాన్యం ఎత్తేసిన సిమెంటు నేల ఎలాగూ ఖాళీయే. దాని చివర ఒక స్తంభం పాతి, పదడుగుల ఎత్తున ఒక రింగు బిగించండి. అక్కడ బంతి లేస్తుంది.