ఇంటిపేరు గడిలో ఎవరి చేతిరాత?

2022 జూలై 28న ఆకెళ్ళ లలిత కేసులో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. అది మన తెలుగు నేల మీద పుట్టిన కేసే. భర్త చనిపోయిన తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. బిడ్డ సంరక్షణ తమకు కావాలని నాయనమ్మా తాతా కోర్టుకెక్కారు. ఇంటిపేరు మార్చమని వాళ్లు అడగనే లేదు. అయినా 2014లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బిడ్డకు చనిపోయిన తండ్రి ఇంటిపేరే తిరిగి పెట్టాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తండ్రి పోయాక తల్లే సహజ సంరక్షకురాలనీ, బిడ్డ ఇంటిపేరు తేల్చే హక్కు ఆమెదేననీ చెప్పింది. సవతి తండ్రి అని కాగితం మీద రాయించడం పసి మనసు మీద క్రూరత్వమంది. ఇంటిపేరు వంశానికి గుర్తు మాత్రమే కాదు, బిడ్డ తాను ఏ ఇంటి మనిషినని అనుకుంటుందో దానికి సంబంధించింది అని వివరించింది.

ఈ తీర్పును మేము స్వాగతిస్తున్నాం. పితృస్వామ్యం బిడ్డ నుదుటి మీద వేసే ముద్రను తల్లి తుడవొచ్చని దేశపు పెద్ద కోర్టు చెప్పడం చిన్న విషయం కాదు. కాకపోతే స్వాగతించి ఊరుకుంటే మా పని కాదు. తీర్పు కూడా ఒక రచనే. దాన్ని ఎవరిని మనసులో పెట్టుకుని రాశారో చూడాలి. ఈ తీర్పు ఊహించుకున్న కుటుంబానికి ఇంటిపేరు ముందే ఉంది. తగాదా అంతా రెండు ఇంటిపేర్ల మధ్యనే. ఇంటిపేరు గడిలో ఊరు రాసిన తిట్టు ఉన్న బిడ్డ ఆ పేజీల్లో ఎక్కడా కనిపించదు.

ఆ బిడ్డను చూడాలంటే నారాయణఖేడ్ రావాలి. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉండేది. ఆ ఏడు నవంబరులో మెదక్ జిల్లాలో కలిసింది. 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. ఖేడ్ బజారులో ఇవాళ్టికీ తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినిపిస్తాయి. పేరు రాసే తీరూ అంతే. మరాఠీ వాళ్లకు ఇంటిపేరు చివర. కన్నడం వైపు ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరమై కూర్చుంటుంది. తెలుగులో ఇంటిపేరు ముందు. ఇన్ని పద్ధతులున్న చోట కూడా ఒక్క విషయంలో మాత్రం అందరూ కలిసే నడిచారు. వెలివాడ మనిషి పేరు రాసేటప్పుడు ఇంటిపేరు అడగలేదు. పాత పహాణీలు తిరగేసి చూడండి. మాదిగ పోచయ్య, మాల సాయిలు, చాకలి మల్లయ్య. ఇండ్లలో ఇంటిపేర్లు లేక కాదు. పెండ్లి కుదుర్చుకునేటప్పుడు మనవాళ్లు ఇంటిపేర్లు, బేడగులు అన్నీ విచారిస్తారు. పట్వారీకి వాటితో పని లేదు, అంతే.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆధిపత్య కులాలకు కులం మాట పేరు చివర వస్తుంది. రెడ్డి, రావు. అది బిరుదులాగా వినపడుతుంది. మన జనానికి అది పేరు ముందు వస్తుంది. మనిషి కంటే ముందు అతని వాడ కనపడాలని. పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. భూమి కోసం దొరను ఎదిరించిన ఆ తల్లిని చరిత్ర చాకలి ఐలమ్మ అనే పిలిచింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టినప్పుడు కూడా ఆ మాటే రాశారు. ఇప్పుడది గౌరవంగానే మారింది, ఒప్పుకుంటాం. కానీ చిట్యాల అనే మాట ఎటు పోయిందని ఎవరూ అడగలేదు.

ఖేడ్ పక్కన ఒక ఊరు. అక్కడి ఒక తల్లి మా దగ్గరికొచ్చింది. భర్త చెరుకు కొట్టే పనికని పోయి తిరిగి రాలేదు, అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. కొడుకు ఆరో తరగతి. బడి రిజిస్టరులో ఇంటిపేరు గడిలో కులం మాట ఉంది. తాత పట్టా కాగితంలో ఉన్నదే మక్కికి మక్కీ ఎక్కించారు. హాజరు పిలిచినప్పుడల్లా పిల్లలు నవ్వుతారట. "అన్నా, పోరడు బడికి పోనంటున్నడు. నా తల్లిగారి ఇంటిపేరు పెట్టుకుంటా, అయితదా?" అని అడిగింది. బడిలో గెజిట్ కాగితం తెమ్మన్నారట. ఇంకెవరో, "కులం మాట తీసేస్తే సర్టిఫికెట్ పోతది, స్కాలర్‌షిప్ బందైతది" అని భయపెట్టారట.

భయం ఉత్తది. 1993 నాటి కుల ధ్రువీకరణ చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చేది విచారణ మీద, ఇంటిపేరు మీద కాదు. 2023 మేలో ఢిల్లీ హైకోర్టుకు ఇలాంటి కేసే వచ్చింది. కులం అవమానం భరించలేక ఒక తండ్రి తన ఇంటిపేరు మోచీని నాయక్‌గా మార్చుకున్నాడు. కొడుకుల పదో తరగతి, పన్నెండో తరగతి సర్టిఫికెట్లలో తండ్రి పేరు మార్చడానికి సీబీఎస్‌ఈ ఒప్పుకోలేదు. ఇంటిపేరు మారితే కులం మారిపోతుందని, దాన్ని దుర్వినియోగం చేస్తారని వాదించింది. గౌరవంగా బతికే హక్కులో కులానికి కట్టుబడి ఉండకుండే హక్కూ ఉందని కోర్టు చెప్పింది. మార్చమని ఆదేశించింది. ఆ కొత్త పేరుతో ఏ రిజర్వేషనూ కోరరాదని కూడా తేల్చింది. ఆ చివరి మాట దగ్గర మేము ఆగాం. అవమానం వదిలించుకుంటానని వచ్చినవాడు ఏదో లాభానికి వచ్చాడేమో అన్న అనుమానం కోర్టు గుమ్మం దాటి లోపలికి వచ్చింది. ఆకెళ్ళ లలిత కేసులో ఆ తల్లిని అలా ఎవరూ అనుమానించలేదు.

కాయిదం మీద భయం ఉత్తదే గానీ బతుకులో ఉత్తది కాదు. రోహిత్ వేముల సంగతి చూడండి. వేముల తండ్రి వైపు ఇంటిపేరు. తండ్రి వడ్డెర. తల్లి రాధిక మాల. భర్త నుంచి విడిపోయి పిల్లల్ని తానే పెంచింది. 2016 జనవరి 17న రోహిత్ హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చనిపోయాక, ప్రభుత్వాలు అతని చావుకు కారణం వెతకడం కంటే అతని తండ్రి ఎవరో వెతకడానికే ఎక్కువ కష్టపడ్డాయి. రూపన్‌వాల్ కమిషన్ అతను ఎస్సీ కాదంది. 2024లో పోలీసులు కేసు మూసేస్తూ మళ్లీ అదే మాట అన్నారు. గొడవ లేచాక ఇంకా దర్యాప్తు చేస్తామన్నారు. అంతకు ముందే, 2012లోనే, రమేశ్‌భాయ్ నాయికా కేసులో సుప్రీంకోర్టు కులాంతర పెళ్లి బిడ్డ కులం తండ్రితోనే తేలిపోదనీ, ఏ అవమానాల మధ్య పెరిగాడో చూడాలనీ చెప్పి ఉంది. పెంచిన తల్లి లెక్కలోకి రాలేదు, వదిలేసిన తండ్రి ఇంటిపేరు వచ్చింది. బిడ్డ ఇంటిపేరు తల్లి చేతిలో ఉండాలన్న 2022 తీర్పు ఈ నేల మీద మొదట పనికి రావలసింది ఇక్కడ. ఒంటరి దళిత తల్లుల పిల్లలకూ, జోగినీల పిల్లలకూ. జోగినీ బిడ్డను బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు గడి దగ్గర తల్లి తల వంచుకోవాల్సి వచ్చేది. పెళ్లి కాని తల్లి తండ్రి పేరు చెప్పనక్కర్లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పాక కూడా ఆ సంగతి ఎన్ని బడుల దాకా చేరిందంటారు?

మాలో మాకే ఒక వాదన వచ్చింది, దాచడం దేనికి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు మనవాళ్లు పేరు చివర మాదిగ అని తగిలించుకున్నారు. తిట్టునే జెండా చేసుకున్నారు. మరి ఈ తల్లితో ఆ మాట తీసేయమని ఎట్లా అంటామని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. మేము ఒప్పుకోలేదు. దండోరా వాళ్లు ఎదిగిన మనుషులు, సభ మధ్య నిలబడి తమ చేత్తో రాసుకున్నారు. ఈ పోరడి పేరు ముందు పట్వారీ రాశాడు. పెద్దయ్యాక వాడు పేరు చివర రాసుకుంటానంటే మేమే చప్పట్లు కొడతాం. ఆరో తరగతి పిల్లవాడి మీద ఉద్యమ గౌరవం మోపడం మాత్రం మా వల్ల కాదు.

ఈ మాట వచ్చినప్పుడల్లా సతారా బడి గుర్తొస్తుంది. 1900 నవంబర్ 7న అక్కడి రిజిస్టరులో భివా రామ్‌జీ అంబేడ్కర్ అని రాశారు. అసలు ఇంటిపేరు సక్పాల్, ఊరు అంబడవే. ఊరి పేరు మీద వచ్చిందని ఒక మాట, అంబేడ్కర్ అనే బ్రాహ్మణ పంతులు ప్రేమతో తన పేరు ఇచ్చాడని ఇంకో మాట. మన పాఠ్యపుస్తకాలకు, ఉపన్యాసాలకు రెండోదే ఇష్టం. మనవాళ్లు కూడా జయంతి సభల్లో అదే చెబుతారు. ఊరి పేరును ఇంటిపేరుగా మలిచిన తండ్రి రామ్‌జీకి ఆ కథలో చోటు లేదు. దళిత బిడ్డకు మంచి పేరు బయటి నుంచే రావాలన్న అలవాటు మనలో ఎంత లోతుగా ఉందో ఈ ఇష్టాన్ని బట్టే తెలుస్తుంది.

ఆ తల్లితో కలిసి మేము అఫిడవిట్ రాయించడానికి టైపు చేసే అతని దగ్గరికి పోయాం. అఫిడవిట్టు, పేపర్లలో ప్రకటన, ఆ తర్వాత గెజిటు. గెజిట్ అచ్చయ్యేది హైదరాబాద్ చంచల్‌గూడలో, ఖేడ్ నుంచి వంద కిలోమీటర్ల పైన. కూలి పోతుంది, బస్సు కిరాయి, ఫీజులు. పదో తరగతి సర్టిఫికెట్ చేతికొచ్చాక మార్చడం ఇంకా కష్టం కాబట్టి ఇప్పుడే కావాలి. టైపు అతను మంచివాడే. పేరు మార్చుకోవడానికి కారణం అన్న చోట ఆగి, "న్యూమరాలజీ అని కొట్టనా? అందరూ అదే రాయిస్తరు, ఎవ్వరేమడగరు" అన్నాడు.

ఆమెకు ఆ మాట తెలియదు. మేము చెప్పాం, అంకెల జాతకమని. కాసేపు చూసి, "జాతకం గాదు సారూ. ఆ మాట మాది గాదు, ఊరోల్లు రాసిండ్రు, అందుకు తీస్తున్నమని రాయి" అంది. అతను మా వైపు చూశాడు. ఆమె చెప్పినట్టే కొట్టమన్నాం.