పాత రూటరుకు ఆదివారం పని

గోదావరిఖనిలో నెట్‌వర్క్ పని చేసేవాళ్ళకు ఆదివారం సెలవు దొరకడం కష్టం. బొగ్గుబాయిల మీద సెలవురోజు పని, అంటే ప్లేడే మస్టర్, దొరికినవాళ్ళు డ్యూటీకి పోతారు, మిగతా ఊరు చికెన్ షాపుల ముందు నిలబడుతుంది, మేము మూసిన ఆఫీసుల్లో పాత రూటర్ల ముందు కూర్చుంటాం. రూటరులోని ఆపరేటింగ్ సాఫ్ట్‌వేర్‌ను మార్చాలంటే దాన్ని కాసేపు ఆపాలి. వారం మధ్యలో ఆపనిచ్చే ఆఫీసు నాకింతవరకు తగల్లేదు.

ఆదివారమైనా ముందు వినబడే మాట ఒకటే. "మంచిగనే నడుస్తుంది గద అన్నా, దాన్నెందుకు ముట్టుకుంటవ్?" ఆ భయాన్ని నేను తప్పుపట్టను. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. బొగ్గు దుమ్ము ఫ్యాన్లలో నల్లగా పేరుకుంటుంది. అంత వేడిలో, అంత దుమ్ములో ఏళ్ళ తరబడి ఆగకుండా నడిచిన డబ్బాను ఆపితే మళ్ళీ లేస్తుందా అన్న అనుమానం న్యాయమైనదే. కానీ నడవడం వేరు, భద్రంగా నడవడం వేరు.

మన దగ్గర ఇంకా కనబడే సిస్కో 1841, 2811 రూటర్లనే తీసుకోండి. వాటి అమ్మకం 2011 నవంబరు 1న ఆగింది. 2016 అక్టోబరు 31తో కంపెనీ మద్దతు కూడా ముగిసింది. ఇనుప డబ్బా గట్టిది కాబట్టి ఇంకా నడుస్తోంది. లోపల ఉన్న ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ మాత్రం చాలాచోట్ల కొన్న రోజు ఏది ఉందో అదే.

2015 సెప్టెంబరులో ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. నాలుగు దేశాల్లో 14 రూటర్లలో ఐఓఎస్ ఫైలునే ఎవరో మార్చేశారు. ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్, మెక్సికోలతో పాటు ఆ నాలుగింట్లో మన దేశం ఉంది. దెబ్బతిన్న మోడళ్ళు 1841, 2811, 3825. చొరబడ్డవాళ్ళు కొత్త కోడ్‌ను అదనంగా చేర్చలేదు, పాత కోడ్ కొంత చెరిపి ఆ జాగాలోనే తమది రాశారు. అందుకే ఫైలు సైజు మారలేదు. కరెంటు పోయి వచ్చినా ఆ మార్పు పోదు. ఇంతా చేసి లోపలికి రావడానికి వాళ్ళు సాఫ్ట్‌వేర్ లోపాన్ని వాడినట్టు లేదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసినదో, ఎక్కడో చేజిక్కించుకున్నదో చాలిందని ఆ సంస్థ అంచనా వేసింది.

ఇది చదివాక మన బొగ్గు బెల్ట్‌లో పెన్‌డ్రైవ్‌ల మీద చేతులు మారే ఐఓఎస్ ఫైళ్ళను నేను తాకడం లేదు. ఎక్కడిదో తెలియని ఫైలును రూటరులో పెట్టడం అప్‌గ్రేడ్ కాదు, తాళంచెవి అపరిచితుడికి ఇవ్వడం. సర్వీసు కాంట్రాక్టు లేదని సాకు చెబుతారు. కంపెనీ మద్దతు నడుస్తున్న మోడళ్ళ విషయంలో, కాంట్రాక్టు లేకపోయినా భద్రతా లోపాన్ని సరిచేసిన ఫైలును తమ సహాయ కేంద్రం ద్వారా అడగవచ్చని సిస్కో తన భద్రతా ప్రకటనల్లోనే రాస్తుంది. అలా అడిగినవాళ్ళు మన దగ్గర బహు తక్కువ. ఫైలు వచ్చాక, అది అసలుదేనా అని తేల్చే ఎండీఫైవ్ సంఖ్యను కంపెనీ ఇచ్చిన సంఖ్యతో పోల్చాలి. ఆ లెక్క వేరే కంప్యూటర్లో వేయాలి. అనుమానం ఉన్న రూటరునే తన గురించి అడిగి, అది చెప్పిన జవాబును నమ్మకూడదు.

ఇక చేతిపని. నేను పట్టుబట్టే మొదటి మెట్టు చాలామంది దాటేస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించకముందే, సెట్టింగులు సేవ్ చేసి, ఒక కాపీ బయట దాచి, పాత సాఫ్ట్‌వేర్‌తోనే రూటరును ఒకసారి రీలోడ్ చేయాలి. ఏళ్ళుగా ఆగని యంత్రంలో పవర్ సప్లై నీరసించి ఉండొచ్చు. అది అప్పుడే బయటపడాలి. లేకపోతే యంత్రం తప్పు సాఫ్ట్‌వేర్ నెత్తిన పడుతుంది, రాత్రంతా లేని రోగానికి మందు వెతుకుతాం.

రీలోడ్‌కు ముందు 'షో వెర్షన్' చివరి వరుస చదవాలి. కాన్ఫిగరేషన్ రిజిస్టర్ అంకె 2102 ఉండాలి. 2142 ఉందంటే ఎప్పుడో ఎవరో పాస్‌వర్డ్ మరిచిపోయి, దాన్ని దాటే పద్ధతి వాడి, అంకెను తిరిగి మార్చకుండా వెళ్ళిపోయారన్నమాట. ఆ రూటరు ఈ రోజు చక్కగా పనిచేస్తుంది. రీలోడ్ చేసిన క్షణాన సెట్టింగులేవీ చదవకుండా ఖాళీగా లేస్తుంది.

1841లో నాకు నచ్చే గుణం ఒకటుంది. దాని ఫ్లాష్ వెనకవైపు జారే చిన్న కార్డు. మరో కార్డు తెచ్చి, ఆ రూటరులోనే ఫార్మాట్ చేసి, కొత్త ఫైలు దాని మీద పెట్టి, పాత కార్డును కవరులో వేసి తేదీ రాసి పక్కన ఉంచితే, తేడా వచ్చినప్పుడు కార్డు మార్చి పాత సాఫ్ట్‌వేర్‌కు వచ్చేయొచ్చు. అంతకన్నా పాత 2600 రకాల్లో ఈ సుఖం లేదు. కాపీ చేసేటప్పుడు అది ఫ్లాష్ చెరిపేయనా అని అడుగుతుంది. అక్కడ ఊరికే ఎంటర్ కొడితే సరే అన్నట్టే. ఉన్న ఒక్క ఫైలూ పోయి, కొత్తది మధ్యలో తెగిందంటే కన్సోల్ కేబుల్ ద్వారా ఎక్స్‌మోడెమ్‌తో పంపాలి. 9600 వేగంలో 16 ఎంబీ ఫైలు ఎక్కడానికి సుమారు ఐదు గంటలు. అదే వేగాన్ని 115200కు మార్చుకుంటే అరగంట లోపు. ఆ మార్పు చేయడం తెలియక తెల్లవార్లూ కూర్చున్నవాళ్ళను చూశాను. పాత టీఎఫ్‌టీపీ సర్వర్లు కొన్ని 16 ఎంబీ దాటిన ఫైలును పంపలేవు, అది కూడా ముందే చూసుకోవాలి.

బొగ్గుబాయిలో ఒక పద్ధతి ఉంది. ముగిసిన షిఫ్టును చూసుకున్న ఓవర్‌మన్, సర్దార్ తాము చూసిందంతా రాసి సంతకం పెడతారు. రూఫ్ ఎక్కడ గుల్లగా మోగిందో, నీరు ఎక్కడ ఊరుతోందో వచ్చే షిఫ్టువాళ్ళు అందులో చదువుకుంటారు. ఈ ఊళ్ళో ఆ పద్ధతి తెలిసినవాళ్ళు ప్రతి వాడకట్టులో ఉన్నారు. అయినా మన ఆఫీసుల్లో రూటరు పక్కన ఒక్క కాగితం ముక్క కనబడదు. లోపల ఏ వెర్షన్ ఉందో, చివరిసారి ఎవరు ముట్టుకున్నారో, పాత ఫైలు ఎక్కడ దాచారో అడిగితే, ఆ పిల్లగాడు హైదరాబాదు పోయిండు సార్ అంటారు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

ఇంత చేసినా ఒక హద్దు ఉంది. 1841కు దొరికే చివరి శ్రేణి 15.1(4)ఎం. ఆ తర్వాత కనిపెట్టిన లోపాలకు మందు రాదు. 2023 ఏప్రిల్‌లో బ్రిటన్, అమెరికా భద్రతా సంస్థలు కలిసి ఇచ్చిన హెచ్చరిక చూడండి. సిస్కో రూటర్లను దూరం నుంచి గమనించడానికి వాడే ఎస్‌ఎన్‌ఎంపీలో 2017లోనే సరిదిద్దిన లోపాన్ని వాడుకుని 2021లో రష్యా గూఢచారులు చొరబడ్డారు. ఉక్రెయిన్‌లోనే సుమారు 250 మంది బాధితులు. పాస్‌వర్డ్‌లా పనిచేసే, సులువుగా ఊహించగల ఎస్‌ఎన్‌ఎంపీ పదాలు వాళ్ళకు దారి ఇచ్చాయి. కాబట్టి నా తీర్పు ఇది: చివరి శ్రేణికి తెచ్చాక కూడా పాత రూటరు ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉండకూడదు. ఆఫీసు లోపలి పనికి వాడండి, ఎస్‌ఎన్‌ఎంపీ, టెల్‌నెట్ మూసేయండి, గుమ్మం దగ్గర మద్దతు ఉన్న కొత్తది పెట్టండి.

రూటరు ఉన్న ప్రతి ఆఫీసు, బడి, ఆసుపత్రి పెద్దలకు నా విన్నపం. మీ దగ్గర పనిచేసే కుర్రాడికి ఒక ఆదివారం మూడు గంటలు ఇవ్వండి, ఒక స్పేర్ కార్డు, ఒక కన్సోల్ కేబుల్ కొనివ్వండి. పని అయ్యాక వెర్షన్, తేదీ, పాత ఫైలు ఉన్న చోటు ఒక రిజిస్టర్‌లో రాయించి, కింద మీరూ సంతకం పెట్టండి.