ప్రయత్నం, సంకల్పం, సీజన్: తెలుగు క్రైస్తవ వ్యవహారంలో కాలభావన

బైబిలులోని ప్రసంగి గ్రంథం మూడవ అధ్యాయం తెలుగు క్రైస్తవ ఆరాధనలో తరచు వినిపించే భాగాల్లో ఒకటి. చావు పుట్టుకలతో మొదలై యుద్ధ సమాధానాలతో ముగిసే పద్నాలుగు జంటల పట్టిక అది. కొత్త సంవత్సరపు ఆరాధనకూ, భూస్థాపన కూటానికీ కూడా ఒదిగిపోవడం దాని విశేషం. ఇటీవలి కాలంలో ఈ భాగం చుట్టూ ఒక వ్యాఖ్యానం స్థిరపడింది. జీవితంలోని ప్రతి దశా ఒక ఋతువు; ప్రతి ఋతువులోనూ దేవునికి ఒక ఉద్దేశం ఉంటుంది; ఆ ఉద్దేశాన్ని కనుగొనడమే విశ్వాసి కర్తవ్యం. ఓదార్పునిచ్చే మాటే ఇది. అయితే తెలుగు బైబిలు పాఠం నిజంగా ఈ మాట చెబుతున్నదా? చెప్పకపోతే ఇది ఎక్కడినుంచి వచ్చింది? ఋతువులతో ముడిపడిన బతుకునుంచి షిఫ్టుల బతుకులోకి మారిన ప్రాంతంలో, అంటే సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల వంటి చోట, ఈ వ్యాఖ్యానం ఏ అర్థాన్ని సంతరించుకుంటుంది?

తెలుగు క్రైస్తవ వాఙ్మయంపై పరిశోధన ఎక్కువగా అనువాద చరిత్ర, ముద్రణ, నిఘంటు వ్యాకరణ సేవ అనే అంశాల చుట్టూ, ఆ తర్వాత జాషువా చుట్టూ సాగింది. ప్రసంగ భాషను సాహిత్య భాషగా పరిశీలించడం ఆ స్థాయిలో జరగలేదు. వారం వారం లక్షలమంది వినే వచనం విమర్శకు అందకుండా ఉండిపోవడం లోటే.

మూడు మాటలు

1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదం ఈ అధ్యాయం మొదటి వచనంలో ‘సీజన్’, ‘టైమ్’ అనే రెండు కాలవాచకాలను, వాటితోపాటు ‘పర్పస్’ అనే మాటను వాడింది. హీబ్రూ మూలంలో వాటికి ఆధారాలు జెమాన్, ఎత్, హేఫెస్. చివరి మాటకు ఇష్టం, కోరిక, వ్యవహారం అనే అర్థచ్ఛాయలున్నాయి. ఈ సందర్భంలో అది ఆకాశం కింద మనుషులు పూనుకునే పనులను సూచిస్తుంది. దేవుని రహస్య ప్రణాళికను కాదు. ఇంగ్లీషు పాఠకుడికి మాత్రం ‘సీజన్’, ‘పర్పస్’ ఒకే వాక్యంలో పక్కపక్కన కనిపిస్తాయి. ఆ సాన్నిహిత్యమే ‘నీ జీవిత ఋతువులో దేవుని ఉద్దేశం’ అనే పదబంధానికి బీజమని ఊహించవచ్చు.

ప్రొటెస్టంటు సంఘాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న తెలుగు అనువాదం వేరే దారిలో నడిచింది. రెండు కాలవాచకాలకూ ‘సమయము’ అనే ఒక్క మాటతోనే సరిపెట్టింది. హేఫెస్‌కు ‘ప్రయత్నము’ అన్నది. అంటే తెలుగు వచనంలో ఋతువూ లేదు, ఉద్దేశమూ లేదు. ఉన్నది ప్రయత్నం. ప్రయత్నం మనిషిది, ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. కాలవాచకాల భేదాన్ని చెరిపివేయడం అనువాదంలో లోపమే కావచ్చు గాని, మూడవ మాట విషయంలో తెలుగు అనువాదం ఇంగ్లీషుకంటే మూలానికి దగ్గరగా ఉన్నది.

పదకొండవ వచనం ఇంకా కీలకం. దాని సారాంశం ఇది: దేవుడు ప్రతిదాన్నీ దాని కాలంలో అందంగా అమర్చాడు, మనుషుల హృదయంలో శాశ్వతకాలాన్ని గురించిన ఎరుకను ఉంచాడు, అయినా ఆయన చేసే పనిని ఆద్యంతం తెలుసుకోవడం మనిషికి సాధ్యం కాదు. తెలుగులో ఈ అసాధ్యతను చెప్పే క్రియ ‘చాలదు’. ఇది తత్త్వశాస్త్ర పరిభాష కాదు. బియ్యం చాలదు, కూలి చాలదు అనే ఇంటి మాట. మనిషి జ్ఞానాన్ని ఇంట్లోని గింజలతో సమంగా కొలిచిన మాట అది. ప్రసంగ వ్యాఖ్యానం తరచు ఈ వచనం మొదటి సగం దగ్గరే ఆగిపోతుంది. అంతా చక్కగా ఉన్నదనే భాగం వినిపించినంతగా, చాలదనే భాగం వినిపించదు. ఉద్దేశాన్ని కనుగొనమని చెప్పేందుకు ఎన్నుకున్న భాగమే ఉద్దేశం కనుగొనరానిదని చెబుతున్నదన్న వైరుధ్యం దీనివల్ల మరుగున పడుతుంది.

తెలుగు వాడుకలో ‘కాలం’ ఈ అధ్యాయానికి సహజంగా సరిపోయే మాట. కాలం కలిసివస్తుంది, కలిసిరాదు. కరువుకాలం ఉంది, పోయేకాలం ఉంది. పెద్దలు పోతే కాలం చేశారంటారు. ఒకే పదంలో ఆయువూ మృత్యువూ ఇమిడి ఉండడంవల్ల, పుట్టుకను చావును ఒకే త్రాసులో ఉంచిన ప్రసంగికి ఇంతకంటే మంచి తెలుగు మాట దొరకదు. నగర ప్రసంగాల్లో వినిపించే ‘సీజన్’ అలాంటిది కాదు. తెలుగువారు ఆ మాటను మామిడి పళ్ళకు, పెళ్ళిళ్ళకు, కాలేజీ అడ్మిషన్లకు వాడుతారు. సీజన్ అంటే గిరాకీ ఉన్న రోజులు. ‘ఇది నీ సీజన్’ అన్నప్పుడు వినేవారి చెవికి అందేది సహనం కాదు, లాభం రాబోతున్నదన్న సూచన. సీజన్‌లో చావు లేదు. అన్‌సీజన్ ఉన్నా అది సరుకు నష్టం మాత్రమే.

సంకల్పం ఎవరిది

దేవుని ఉద్దేశమనే భావనకు తెలుగు బైబిలులో బలమైన మాట లేకపోలేదు. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, దేవుని ప్రేమించేవారికి సమస్తం కలిసి మేలుగా పరిణమిస్తుందని చెప్పే చోట, అనువాదకులు ‘సంకల్పము’ను ఎన్నుకున్నారు. ఈ ఎంపిక లోతు తెలియాలంటే ఆ మాట అప్పటికే ఉన్న ఇంటిని చూడాలి. పూజకు ముందు చెప్పే సంకల్పంలో కర్త మనిషే. అతడు తానున్న దేశాన్ని, సంవత్సరాన్ని, అయనాన్ని, ఋతువును, మాసాన్ని, పక్షాన్ని, తిథిని పేర్కొని, తన గోత్రనామాలు చెప్పి, ఆ తర్వాతే తన కోరికను ఉచ్చరిస్తాడు. స్థలకాలాలు చెప్పని సంకల్పం చెల్లదు.

క్రైస్తవ తెలుగు ఈ మాటను తలకిందులు చేసింది. సంకల్పించేది దేవుడు, పిలవబడేది మనిషి. మెదక్ ప్రాంతపు గ్రామ సంఘాల్లో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. గుడిలో గోత్రం చెప్పుకునే అర్హతే లేదని తోసిపుచ్చిన మనిషి, దేవుడే తన పేరు పెట్టి సంకల్పించాడన్న వాక్యం విన్నప్పుడు దాని బలం ఎంతటిదో అంచనా వేయవచ్చు. కేవలం అనువాద సౌలభ్యంగా దీన్ని కొట్టిపారేయలేం. ఒక పరిభాషను వెలివాడకు తరలించిన ఘటన ఇది. కాని ఆ తరలింపులో ఒకటి జారిపోయింది. పాత సంకల్పంలో తప్పనిసరి అయిన ఋతువూ ఊరూ కొత్త సంకల్పంలో లేవు. ప్రసంగం చెప్పే ‘ఋతువు’ రూపకంగా మిగిలింది; ఎవరి జీవితానికైనా, ఏ ఊళ్ళోనైనా తగిలించగలిగే చీటీ అయింది.

మెదక్ దారి

అసలైన ఋతువులకు తెలుగు క్రైస్తవంలో చోటు లేకపోలేదు. జలప్రళయం తర్వాత దేవుడు చేసిన వాగ్దానాన్ని ఆదికాండం తెలుగులో చెప్పేటప్పుడు ‘వెదకాలము’, ‘కోతకాలము’ అనే మాటలు వస్తాయి. తెలుగు సేద్యంలోంచి తెచ్చిన మాటలివి. మృగశిర కార్తెను ‘మిరుగం’ అని, రెండవ పంటను ‘యాసంగి’ అని పిలిచే తెలంగాణ శ్రోతకు ఆ వాగ్దానం రూపకం కాదు, పంచాంగమే. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి రచనలతో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటంలో ఉదయానికి, సాయంకాలానికి, వివాహానికి తగిన పాటలున్నాయి. అక్కడ సందర్భం ముందు వస్తుంది. దాని అర్థం వెతుక్కునే పని పాడేవారిపై పడదు. వేళకు తగిన పాట పాడటమే చాలు.

గుమ్మడిదల హైదరాబాదునుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్ళే రహదారిపై ఉన్నది. ఆ దారి చేరుకునే చోట చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చి ఉంది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ కట్టడం కథ కరువుతో కలిసే వినిపిస్తుంది: ఆకలితో ఉన్నవారికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించారన్నది జనశ్రుతి. ఈ కథను చెప్పే తీరులో రెండు ధోరణులున్నాయి. కరువును దేవుడు చర్చి కోసం వాడుకున్నాడన్నది ఒకటి. కరువు వచ్చినప్పుడు చర్చి చేయవలసిన పని చేసిందన్నది రెండవది. మొదటిదానిలో కరువుకే ఉద్దేశం అంటగడుతున్నాం. రెండవదానిలో ఉద్దేశం మనిషి ప్రయత్నంలో ఉన్నది. ప్రసంగి తెలుగు పాఠం రెండవ ధోరణినే సమర్థిస్తుంది.

పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ వడియారం పాస్టరేటులోని జంగరాయి ప్రాంత సంఘాలను 1959లో పరిశీలించి 1968లో ప్రచురించిన గ్రంథం, గ్రామ క్రైస్తవుల విశ్వాసం ఊరి పండుగలతో, ఊరి నమ్మకాలతో ఎంతగా పెనవేసుకుని ఉన్నదో చూపింది. యాభై ఏళ్ళ తర్వాతి మార్పులను కార్మన్, చిలుకూరి వసంతరావు 2014లో వెలువడిన పుస్తకంలో పరిశీలించారు. ఈ పెనవేతను కలగాపులగమైన విశ్వాసంగా కొందరు చిన్నచూపు చూశారు. కాలభావన దృష్టితో చూస్తే అది తక్కువది కాదు. వాన రాకపోవడం ఊరందరి సమస్య కాబట్టి, దానిలోని దైవోద్దేశాన్ని ఎవరూ ఒంటరిగా వెతకవలసిన అవసరం రాలేదు.

షిఫ్టుల ఊరు

2016లో మండల కేంద్రమైన గుమ్మడిదల చుట్టూ దృశ్యం వేరు. బొంతపల్లి, దోమడుగు, గడ్డపోతారం, బొల్లారం, అక్కడినుంచి పటాన్‌చెరు వరకు మందుల, రసాయనాల పరిశ్రమలు విస్తరించాయి. ఇక్కడ కాలాన్ని కొలిచేది కార్తె కాదు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, నైట్ షిఫ్టు. ఆదికాండపు వాగ్దానంలో వెదకాలం కోతకాలాల వెంటే రాత్రింబగళ్ళు కూడా ఉన్నాయన్నది ఇక్కడ గమనించాలి. పన్నెండు నెలలూ ఒకే తీరుగా నడిచే రియాక్టరు దగ్గర మొదటి జంట చెరిగిపోతే, రాత్రి డ్యూటీలో రెండవ జంట తారుమారవుతుంది. పొలం పనికి ‘తీరిక కాలం’ ఉండేది. కాంట్రాక్టు కార్మికుడికి తీరిక అంటే పని పోవడమే.

ఋతువులు నిజంగా ఉన్నచోట ప్రసంగాలకు ‘ఋతువు’ అనే రూపకం అంతగా అవసరపడలేదు. అవి పోయినచోటనే అది విస్తరిస్తున్నది. దీన్ని వెక్కిరించడానికి లేదు. బీహారునుంచో ఒడిశానుంచో శ్రీకాకుళంనుంచో వచ్చి అద్దెగదిలో ఉంటున్న మనిషికి తన రోజులకు ఒక వరస ఉన్నదని చెప్పేవారు కావాలి. మేస్త్రీ చెప్పడు, పంచాంగం చెప్పదు. పాస్టరు చెబుతాడు. ఆ మాట అతణ్ణి నిలబెడుతుందనడంలో సందేహం లేదు.

చిక్కు మరోచోట ఉంది. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంత కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీటిలో ఔషధ అవశేషాలు అసాధారణ స్థాయిలో ఉన్నాయని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. నక్కవాగు చెడిపోవడం, వాగు పక్కన పంట పోవడం, ఒంటికి రోగం రావడం ఋతువులు కావు. వాటికి కర్తలున్నారు, తేదీలున్నాయి, దస్తావేజులున్నాయి. వాటిని ‘నీ జీవితంలో ఎడారి ఋతువు’ అన్న క్షణంలో కర్త మాయమవుతాడు. ఆ స్థానంలో దేవుడు వచ్చి కూర్చుంటాడు. ఆయన కోరి కూర్చున్నాడో, కూర్చోబెట్టారో అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడ జాషువా గుర్తుకు రాక తప్పదు. ‘గబ్బిలం’ (1941) కర్మ సిద్ధాంతాన్ని నిలదీసిన కావ్యం. ఆకలికి పూర్వజన్మ కారణమని చెప్పడం ఆకలిని సృష్టించినవారికి రక్షణ కవచమవుతుందన్నది ఆ నిలదీత సారం. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ కవి వేసిన ప్రశ్న దైవసంకల్పానికీ వర్తిస్తుంది. పూర్వజన్మ బాధకు కారణం చెబుతుంది, సంకల్పం బాధకు ప్రయోజనం చెబుతుంది. ఒకటి వెనక్కి చూస్తుంది, మరొకటి ముందుకు. బాధ పెట్టినవాణ్ణి ప్రశ్నించకపోవడంలో మాత్రం రెండూ ఒకటి కాగల ప్రమాదం ఉంది. తెలుగు దళిత క్రైస్తవ విమర్శ మొదటిదానిపై చూపినంత పదును రెండవదానిపై ఇంకా చూపలేదు.

అలాగని ఉద్దేశమనే భావనే వదులుకోవాలని కాదు. యిర్మీయా ఇరవై తొమ్మిదవ అధ్యాయంలోని ‘ఉద్దేశములు’ అనే మాట గోడ క్యాలెండర్ల మీద, నూతన సంవత్సర వాగ్దాన కార్డుల మీద విరివిగా కనిపిస్తుంది. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయినవారికి రాసిన లేఖలోని మాటని కార్డు చెప్పదు. ఆ లేఖ ఉద్దేశాల ప్రసక్తికి ముందు ఇళ్ళు కట్టుకోమంటుంది, తోటలు నాటుకోమంటుంది, వలస వచ్చిన పట్టణపు క్షేమాన్ని కోరమంటుంది. డెబ్బై ఏళ్ళు పడుతుందనీ చెబుతుంది. అంటే విన్న పెద్దల్లో చాలామంది ఆ నెరవేర్పును చూడరు. ఇక్కడి వలస కార్మికుడికి ఈ లేఖ మొత్తంగా చదివి వినిపిస్తే, పట్టణపు క్షేమంలో తాగునీరు కూడా వస్తుంది, జీతం చీటీ కూడా వస్తుంది.

ప్రసంగి పట్టికలో రెండవ జంట నాటడం, పెరికివేయడం. తెలుగు పాఠంలో ఈ క్రియలన్నీ ‘నాటుటకు’, ‘పెరికివేయుటకు’ అన్న రూపంలో, కర్త లేకుండా ఉంటాయి. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలన్నది పాఠం చెప్పదు. వెదకాలపు ఊళ్ళో రైతు తన పేరే రాసుకునేవాడు. గుమ్మడిదలలో ఆ పేరు పట్టాదారు పాసుపుస్తకంలోనూ, ఫ్యాక్టరీ అనుమతి పత్రంలోనూ వెతకవలసి ఉంటుంది.